మన గూళ్లు ఎవరి చేతుల మీదుగా పోతున్నాయి?
(సరిహద్దు గ్రామాల పట్టు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలుసుకున్నప్పుడల్లా మల్బరీ ఆకు గురించి, చాకీ గురించి, షెడ్డులో వేడి, తేమ గురించి చెప్పుకుంటాం. ఈ రోజు మార్కెట్టు దాటిన తర్వాతి సంగతి చెప్పదలచుకున్నాను. ఖరీదైన సరుకు అమ్మే వ్యాపారి, ఆ సరుకును ఎవరు, ఏ పరిస్థితుల్లో తయారు చేశారో తెలుసుకోవాలా, అక్కర్లేదా? పెద్ద పెద్ద కంపెనీలకు ఇప్పుడు ఈ ప్రశ్న తప్పడం లేదు.

2024లో ఇటలీ దేశంలోని మిలాన్ కోర్టు మూడు ప్రసిద్ధ సంస్థలపై చర్య తీసుకున్నది. జనవరిలో అల్వియెరో మార్టిని, ఏప్రిల్‌లో అర్మానీకి చెందిన ఒక కంపెనీ, జూన్‌లో డియోర్‌కు చెందిన ఒక కంపెనీ. వీటిని కోర్టు తాను నియమించిన అధికారి పర్యవేక్షణలో పెట్టింది. కారణం ఏమిటి? కంపెనీ ఒకరికి పని ఇచ్చింది. అతడు ఇంకొకరికి ఇచ్చాడు. చివరికి చిన్న కార్ఖానాల్లో కూలీలు తక్కువ కూలికి, రాత్రింబగళ్లు పని చేస్తూ, అక్కడే నిద్రపోతూ దొరికారు. పని త్వరగా కావాలని కొన్ని యంత్రాలకు ఉండవలసిన రక్షణ పరికరాలు కూడా తీసివేశారు. డియోర్ దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే ఒక సంచి తయారీకి కార్ఖానాకు ముట్టింది 53 యూరోలు. ఇందులో తోలు ఖర్చు కలపలేదు.

కంపెనీ స్వయంగా కూలీలను బాధించిందని కోర్టు అనలేదు. సరుకు ఇచ్చేవారిపై సరైన తనిఖీ లేకపోవడం వల్ల ఈ అన్యాయం సాగిందని చెప్పింది. పద్ధతులు సరిచేసుకున్న తర్వాత డియోర్, అర్మానీ కంపెనీలపై ఆ పర్యవేక్షణను 2025 ఫిబ్రవరిలో ఎత్తివేశారు. "మాకు తెలియదు" అన్న మాట మాత్రం చెల్లలేదు.

ఎక్కడో ఇటలీలో సంచుల గొడవతో మనకేం పని అని మీరు అడగవచ్చు. మన కంచి చీర, ధర్మవరం చీర కూడా ఖరీదైన సరుకే. దాని వెనుక కూడా చాలా చేతులు ఉన్నాయి. రైతు, మార్కెట్టు, రీలరు, దారం పేనేవారు, రంగు అద్దేవారు, నేతగాడు, దుకాణదారు. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ మన దేశపు పట్టు పరిశ్రమలో బాలకార్మికులపై ఒక నివేదిక ప్రచురించింది. కర్ణాటక, తమిళనాడు అందులో ఉన్నాయి. దారపు కొన దొరకబుచ్చుకోవడానికి పిల్లలు మరిగే నీటిలో చేతులు పెట్టడం, తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా రోజుకు 12 గంటలు పని చేయడం అందులో నమోదయ్యాయి. అప్పు కింద మనిషిని పనికి కట్టిపడేయడం 1976 చట్టం ప్రకారమే నేరం.

ఒక కిలో ముడి పట్టుకు సుమారు 6 నుంచి 8 కిలోల గూళ్లు కావాలి. రీలరు రోజూ ఎందరో రైతుల లాట్లు కొంటాడు. శిడ్లఘట్టలో కొన్న గూళ్లు, హిందూపురం నుంచి వచ్చిన గూళ్లు ఒకే తొట్టిలో పడితే ఇక ఏది ఎవరిదో చెప్పలేం. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ అది అసలు పట్టు అని చెబుతుంది. దానిని ఎవరు తీశారు, ఎంత కూలి ముట్టింది అన్నది ఆ చీటీ పని కాదు.

బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో వేరే పద్ధతి ఉంది. అక్కడ రీలింగు కంపెనీయే రైతుకు చిన్న పురుగులు ఇచ్చి, గూళ్లన్నీ తానే కొంటుంది. కాబట్టి ఏ గూళ్లు ఏ తోటవో సులభంగా తెలుస్తుంది. కాని రైతుకు కొనేవాడు ఒక్కడే అవుతాడు. మనకు బహిరంగ వేలం ఉంది. పదిమంది పాట పాడితే ధర తేలుతుంది. జాడ తెలియడం కోసం ఈ సదుపాయం పోగొట్టుకోకూడదు. అందుకే మన లెక్క మన దగ్గర ఉండాలి.

ప్రతి పంటకు ఒక పుస్తకం పెట్టుకోండి. అందులో ఈ వివరాలు రాయండి:

1. గుడ్లు లేక చాకీ పురుగులు ఏ కేంద్రం నుంచి, ఏ తేదీన, ఎన్ని తెచ్చారు, ఏ జాతి.
2. మల్బరీ తోటకు ఏ మందు, ఏ రోజు కొట్టారు, ఎన్ని రోజుల తర్వాత ఆకు కోశారు.
3. ఎవరెవరు పనికి వచ్చారు, ఆడవారికి, మగవారికి ఎంత కూలి ఇచ్చారు.
4. ఏ మార్కెట్టులో, ఎన్ని కిలోలు, ఏ ధరకు అమ్మారు.

తూకం చీటీ కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా పారవేయకండి. పుస్తకంలో తెలుగులో రాసుకుని, చీటీని దానికే అంటించండి.

పిల్లల సంగతి. 14 ఏళ్ల లోపు వారిని కూలికి పెట్టుకోరాదు. బడి అయిన తర్వాత, సెలవుల్లో ప్రమాదం లేని ఇంటి పనిలో సాయం చేయడం వేరు. ఆకు కోతకని బడి మాన్పించడం వేరు. షెడ్డును శుద్ధి చేసే మందుల దగ్గరికి పిల్లలను రానివ్వకండి. రీలింగు యూనిట్ల వారి దగ్గర పిల్లల పేరు మీద అడ్వాన్సు తీసుకోకండి.

ఇదంతా రైతు బాధ్యతేనా? కాదు. ప్రశ్నలు అడిగే కొనుగోలుదారు ధర కూడా న్యాయంగా ఇవ్వాలి. మిలాన్‌లో బయటపడిన పాఠం అదే. 53 యూరోలకు పని ఒప్పజెప్పి, కూలీలు సుఖంగా ఉన్నారని నమ్మడం కుదరదు. అలాగే లాటుకు గిట్టని ధర ఇచ్చి, కూలి సరిగా ఇచ్చారా అని రైతును నిలదీయడమూ కుదరదు. సరైన తూకం, నాణ్యతకు తగిన ధర, ఆలస్యం లేని చెల్లింపు, ఈ మూడూ అడగండి. ఎక్కడైనా తప్పు కనిపిస్తే ఆ ఊరి సరుకే మానేయడం కూడా పరిష్కారం కాదు. తప్పు దిద్ది, పిల్లలను బడికి పంపి, పెద్దవారికి పని నిలబెట్టాలి.

ఒక్క రైతు పుస్తకానికి బలం తక్కువ. ఊళ్లో పాతికమంది కలిసి రాస్తే, రేపు ఏ కొనుగోలుదారు వచ్చి అడిగినా ఆ పుస్తకాలే ముందు పెట్టి ధర మాట్లాడవచ్చు. వచ్చే చాకీ దింపే రోజునే మొదటి పేజీ రాయండి.