తడిసిన రోడ్డు, కాలినడకన దాటే మనిషి
(వర్షాకాల ఆరంభంలో డ్రైవర్లు, విద్యార్థుల తల్లిదండ్రులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కులు అనగానే మన సభల్లో విద్య, ఉపాధి, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు ప్రస్తావనకు వస్తాయి. అవి రావలసినవే. ఈ సాయంత్రం మేము మాట్లాడదలచినది వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపించే హక్కు. ఒక మనిషి ఇంటి నుండి బయలుదేరి, రోడ్డుకు ఆవలి వైపున ఉన్న పాఠశాలకో, మస్జిదుకో, మందుల దుకాణానికో నడిచి వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరే హక్కు. 2025 మే నెలలో సుప్రీం కోర్టు, ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఎంతో విలువైన మాట అది. అయితే ముసురు పట్టిన సాయంత్రం రోడ్డు దాటుతున్న వృద్ధురాలి విషయంలో ఆ మాట నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ క్షణాన బండి నడుపుతున్న మనిషి చేతిలోనే ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ వాహనమూ ఎక్కనివారు. నడిచేవారెవరో మనకు తెలియనిది కాదు. బడి పిల్లలు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, తోపుడు బండ్లవారు, బస్సు దిగి గల్లీ వరకు నడిచే కూలీలు. మరి నడిపేవారెవరు? ఆటోలు, క్యాబులు, సామాన్లు చేరవేసే ట్రాలీలు, భోజనం పొట్లాలు మోసే మోటారు సైకిళ్ళు నడుపుకొని బ్రతికేవారిలో మన యువకులు ఎందరో ఉన్నారు. ఒకే ఇంట్లో తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి నడిచి పనికి వెళుతుంది. కావున ఇది మనకూ ఇతరులకూ మధ్య తగవు కాదు. మన ఇంటిలోని ఇద్దరి మధ్య కుదరవలసిన ఒప్పందం.

ముందుగా వాన కురిసినప్పుడు రోడ్డుకు ఏమవుతుందో చూద్దాం. తొలకరి జల్లు కురిసిన మొదటి కొద్ది నిమిషాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. నెలల తరబడి రోడ్డుపై పేరుకొన్న ఇంజను నూనె, దుమ్ము, టైర్ల నుండి అరిగిన రబ్బరు ఆ కొద్దిపాటి నీటిలో కలిసి సబ్బు నురగ వలె జారుడు పొరగా మారుతాయి. గట్టి వాన పడితే ఆ పొర కొట్టుకుపోతుంది. సన్నని తుంపర మాత్రం దానిని అలాగే ఉంచుతుంది. "జోరు వాన కాదులే" అని వేగం తగ్గించని చోటనే మోటారు సైకిళ్ళు జారిపడేది అందువల్లనే.

ఇప్పుడు కొంచెం లెక్క చెబుతాము, ఓపికతో వినండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు సాగిపోతుంది. ఎదుట మనిషిని చూసి బ్రేకు వేయడానికి ఎంత చురుకైనవాడికైనా దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ 11 మీటర్లలో బండి వేగం ఏమాత్రం తగ్గదు. బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డుపై మరో 9 మీటర్లలో నిలవగల బండి, తడి రోడ్డుపై నిలవడానికి 16 మీటర్ల వరకు పట్టవచ్చు. టైర్లు అరిగి ఉంటే ఇంకా ఎక్కువ. మొత్తం మీద పొడి రోడ్డుపై 20 మీటర్లు, తడి రోడ్డుపై 27. ఆ తేడా ఏడు మీటర్లు, అంటే రెండు ఆటోలను ఒకదాని వెనుక ఒకటి నిలిపినా ఇంకా కొంత మిగిలేంత చోటు. రోడ్డు దాటే పిల్లవాడు నిలబడి ఉండేది సరిగ్గా ఆ ఏడు మీటర్లలోనే.

ఇదే లెక్కలో ఒక శుభవార్త కూడా ఉన్నది. తడి రోడ్డుపై 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సుమారు 17 మీటర్లలో నిలిచిపోతుంది. వాన తీసుకుపోయిన దూరమంతా పది కిలోమీటర్ల వేగం తగ్గించడంతో తిరిగి వచ్చినట్లే. దీనికి మనం చెల్లించే ధర ఎంత? రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్క నిమిషం. సమయానికి ఆర్డరు చేర్చకపోతే డబ్బు కోత పడుతుందని భయపడే కుర్రవాడికి ఆ నిమిషం కూడా బరువే అని మాకు తెలుసు. వానలో నిమిషాలు లెక్కపెట్టి మనుషులను పరుగెత్తించే యాజమాన్యాలను ప్రశ్నించడం కూడా హక్కుల పనిలో భాగమే.

ఇక జీబ్రా గీతల సంగతి. పాదచారి భద్రత కోసం వేసిన ఆ తెల్ల గీతలే వానలో ద్విచక్ర వాహనానికి జారుడుబల్లలు. రంగు మందంగా, నున్నగా ఉంటుంది. కింది తారులోని గరుకుదనం దానికి ఉండదు. దానిపై నీరు నిలిస్తే టైరుకు పట్టు దొరకదు. మ్యాన్‌హోల్ మూతలు, పనులు జరిగే చోట పరిచిన ఇనుప పలకలు కూడా అంతే. కాబట్టి గీతల మీదికి వచ్చి బ్రేకు వేద్దామనుకునేవాడు అప్పటికే ఆలస్యం చేసినవాడు. వేగం తగ్గించే పని గీతలకు ముందే, బండి ఇంకా తారు మీద నిటారుగా ఉండగానే పూర్తి కావాలి. ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించరాదు. రెండు బ్రేకులూ మెల్లగా, కలిపి వేయాలి. గీతల మీద హ్యాండిల్ తిప్పడం, బండిని ఒరిగించడం కూడదు. మోకాలి లోతు నీటిలో నుండి బయటకు వచ్చిన బండికి బ్రేకులు తడిసి పనిచేయకపోవచ్చు. నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు తేలికగా నొక్కి ఆరనిచ్చిన తరువాతనే మామూలు వేగానికి రావాలి.

కారు నడిపేవారికి మరొక ఆపద. నిలిచిన నీటిపై వేగంగా పోయినప్పుడు టైరు రోడ్డును వదలి నీటి పొరపై తేలుతుంది. స్టీరింగు అకస్మాత్తుగా తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటరు మీది కాలు తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకొని ఉంటే పట్టు తిరిగి చిక్కుతుంది. టైరు గాళ్ళే ఆ నీటిని బయటకు నెట్టేవి. కార్లకు ఆ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమం. వానలు మొదలయ్యే ముందు టైరు చూపించుకోవడానికి పంక్చరు దుకాణంలో ఐదు నిమిషాలు చాలు.

హైదరాబాదువారికి నిలిచిన నీటి గురించి వేరే చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఫలక్‌నుమా, చంద్రాయణగుట్ట వైపు కాలనీలు ఏమయ్యాయో ఇక్కడ చాలామంది కళ్ళారా చూసినవారే. ఒక అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చివేయగలదు. కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉన్నదో లేదో పైనుండి ఎవరికీ కనబడదు. అలాంటి చోట తిరిగి వెళ్ళడమే మేలు.

జీబ్రా దగ్గర జరిగే ప్రమాదాలలో ఒక రకం ఉన్నది, దానిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. రెండు వరుసల రోడ్డుపై ఒక బస్సో కారో జీబ్రా ముందు ఆగుతుంది. వెనుక వచ్చేవాడు "ఎందుకు ఆగాడో" అని విసుక్కొని పక్కనుండి దాటిపోతాడు. ఆగిన బస్సు ముందు నుండి ఆ క్షణానే ఒక మనిషి అడుగు బయటపెడతాడు. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాడు కనిపించడు. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల కింది రోడ్డును రోజూ చూసేవారికి స్తంభం చాటు నుండి మనిషి హఠాత్తుగా ప్రత్యక్షం కావడం కొత్త కాదు. జీబ్రా దగ్గర వాహనం ఆగి ఉంటే దాని ముందు మనిషి ఉన్నాడనే అనుకోవాలి. లేకపోతే పోయేది రెండు సెకన్లు.

వాన చూపును కూడా తగ్గిస్తుంది. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడుతుంది. ఆటోలో ప్రయాణికులు తడవకుండా రెండు వైపులా రెక్సిన్ పరదాలు దించుతారు. దానితో డ్రైవరుకు పక్క చూపు పోతుంది, అద్దం కూడా మూసుకుపోతుంది. పరదా దించవలసిందే, ప్రయాణికుల గౌరవం అది. కానీ ముందు వైపు అద్దం కనిపించేలా దానిని కట్టుకోవచ్చు. ఎదుటివారి కళ్ళలో పడే హై బీమ్ వానలో తనకే గోడ అవుతుంది. లో బీమ్ చాలు.

రాత్రి వానలో నల్లని బుర్ఖా ధరించిన స్త్రీ డ్రైవరుకు ఆలస్యంగా కనిపిస్తుందన్నది నిజం. దీనిని సాకుగా చూపి "ఆమెదే తప్పు" అనడం మేము అంగీకరించము. నల్ల గొడుగు పట్టుకున్న పెద్దమనిషి కూడా అలాగే కనిపించడు. లైటు వెలుగు పడినంత దూరంలో ఆగలేని వేగమే అక్కడి అసలు తప్పు. అయినా ప్రాణం మనవారిది గనుక, లేత రంగు గొడుగు, పిల్లల సంచికి వెలుగును తిప్పికొట్టే పట్టీ ఉంటే మంచిదని తల్లులకు మనవి చేస్తున్నాము. బండి వెనుక కూర్చున్నవారి బుర్ఖా అంచు, దుపట్టా, రెయిన్‌కోటు కొస చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రంలో సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. కొందరు అందం కోసం దానిని ఊడదీస్తున్నారు. దయచేసి తిరిగి బిగించండి.

చట్టం విషయానికి వద్దాం. 2017లో కేంద్రం జారీచేసిన డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, సిగ్నలు లేని జీబ్రా దగ్గర కూడా డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, పాదచారికి దారి ఇవ్వాలి. ముందు ట్రాఫిక్ నిలిచిపోయి ఉంటే జీబ్రా మీద బండి ఆపకూడదు. మైనరు పిల్లల చేతికి బండి ఇస్తే, 2019 సవరణ తెచ్చిన 199-ఏ సెక్షన్ కింద సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. "పక్క గల్లీ వరకే కదా" అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

ప్రమాదం జరిగిపోతే ఏమిటి? మన యువకులు చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. వారి భయం వెనుక ఉన్నది నేరబుద్ధి కాదు. గుంపు కొడుతుందని, పేరు వినగానే పోలీసు చూపు మారుతుందని వారి భయం. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. కానీ పారిపోవడం వల్ల గాయపడినవారి ప్రాణమూ పోవచ్చు, నడిపినవాడి కేసూ బరువెక్కుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ గాయపడినవారికి వైద్యం అందించే బాధ్యతను డ్రైవరుపై పెడుతూనే, గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యపడని పరిస్థితిని కూడా గుర్తించింది. అలాంటప్పుడు సురక్షితమైన చోటికి చేరి వెంటనే 108కో 112కో ఫోన్ చేయాలి. అక్కడ పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, సమీప పోలీసు స్టేషనుకు తెలపాలి. ఒంటరిగా వెళ్ళడానికి జంకితే మొహల్లా పెద్దనో న్యాయవాదినో వెంట తీసుకొని వెళ్ళండి.

ఇతరులకు జరిగిన ప్రమాదంలో సాయపడేవారికి భయమే అక్కరలేదు. 2016లో సుప్రీం కోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, తరువాత చట్టంలో చేర్చిన 134-ఏ సెక్షన్ వారికి రక్షణ. సద్బుద్ధితో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారు తమ పేరు, చిరునామా చెప్పాలన్న బలవంతం లేదు. వారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత మోపడానికి వీలులేదు. 2025 మే నుండి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యానికి అర్హత ఉన్నది. ఆసుపత్రి ముందుగా డబ్బు అడిగితే ఈ మాట ఎత్తండి. బండి బీమా గడువు కూడా ఈ రాత్రే ఇంటికి వెళ్ళి చూసుకోండి. బీమా లేని బండి ఒక మనిషిని ఢీకొంటే పరిహారం భారం యజమాని మీద పడుతుంది. ఒక ఆటో వల్ల ఇల్లే పోయే పరిస్థితి రావచ్చు.

చివరగా ఫుట్‌పాత్ గురించి. శుక్రవారం నమాజు వేళ మస్జిదు ముందు, వలీమా రాత్రి ఫంక్షన్ హాలు ముందు ఫుట్‌పాత్‌పై బండ్లు నిలిపితే నడిచేవారు తడి రోడ్డు మీదికే దిగాలి. దారిలో అడ్డుగా ఉన్న రాయిని తొలగించడం సదఖా అని పిల్లలకు చెప్పే ఇళ్ళు మనవి. బండి కూడా రాయి కంటే చిన్నది కాదు. మస్జిదు కమిటీలు ఖుత్బాకు ముందు ఈ విషయం ప్రకటించాలని, అందుకు ఇద్దరు వాలంటీర్లను నియమించాలని కోరుతున్నాము.

మిగిలినది ప్రభుత్వం చేయవలసిన పని. పాఠశాలల ముందు చెరిగిపోయిన జీబ్రా గీతలను జారని రంగుతో తిరిగి వేయాలని, అక్కడ వీధి దీపం, వేగనిరోధకం ఏర్పాటు చేయాలని, మ్యాన్‌హోల్ మూతలను సరిచూడాలని మున్సిపల్ అధికారులకు, ట్రాఫిక్ పోలీసులకు ఇచ్చే వినతిపత్రం సిద్ధంగా ఉన్నది. నెల రోజులలో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుతాము. ప్రతులు ద్వారం పక్కన బల్లపై ఉన్నాయి. సంతకం చేసేవారు తమ పిల్లలు రోజూ రోడ్డు దాటే చోటు ఏదో, ఏ వేళకు దాటుతారో కింద వ్రాయగలరు. ఉర్దూలో వ్రాసినా ఫరవాలేదు, మావాళ్ళు తెలుగులోకి మార్చి జతచేస్తారు.