చీకటి రాత్రి చేపల వేట



మీలో పెక్కురు సముద్రమునకు దూరముగ నున్న గ్రామములవారు. అయినను సంతనాడు ఎండుకవళ్లు, ఎండునెత్తళ్లు గంపలలో రాశిపోసి యమ్ముట మీరెరిగినదే. పొలము పని ముగించుకొని వచ్చిన కూలి గంజిలో నంజుకొను ఆ చిన్నచేప ఏ వేళ, ఏ విధమున వలలో పడినదో తెలిసినవారు తక్కువ. అది పెక్కుమార్లు ఒడ్డుననున్న దీపములు కనబడునంత దూరములోనే, చంద్రుడు లేని రాత్రి పట్టుబడినదై యుండును. ఆ వేటను గూర్చియు, దానికి ఇటీవల వచ్చిపడిన చిక్కును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

మన తీరమున ఒడ్డుకు దగ్గరగా మందలు మందలుగా తిరుగు చిన్నచేపలలో ముఖ్యమైనవి కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు. కానాగంతను గూర్చి ఒక ముచ్చట చెప్పక ముందునకు సాగలేను. 18వ శతాబ్ది చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి చేపలను సేకరించి, బొమ్మలు వ్రాయించి, జాలరులు చెప్పిన పేళ్లనే వానికి తగిలించి 1803లో లండను నగరమున గొప్ప గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథములోని ‘కనగుర్త’ అను పేరును ఫ్రాన్సు దేశపు కువియే పండితుడు 1816లో శాస్త్రనామముగా గ్రహించెను. నేటికిని ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ చేపను మన జాలరి పెట్టిన పేరుతోనే పిలువవలసియున్నది.

ఇక రాత్రివేటకు కారణ మేమన, సముద్రజలమున కంటికానని సూక్ష్మజీవులు లెక్కకు మించి తేలుచుండును. వానిలో పెక్కు పగలు లోతునకు దిగి, ప్రొద్దు గ్రుంకిన పిదప పైకి వచ్చును. వానిని మేయు చేపలును వాని వెంటనే పైకి వచ్చును. పగటివేళ అందని మంద, రాత్రివేళ పైపొరలో వ్రేలాడు వలకు అందును. అదియునుగాక చేపకు కన్నున్నది. వెన్నెలలో వల దారము దానికి కనబడును. కనబడిన వలను చేప తప్పుకొని పోవును. కావుననే పున్నమికి ముందు వెనుకల కొన్ని దినములు కవళ్ల వల వేయువారికి గిట్టుబాటు తక్కువ.

కవళ్ల వలను మీరు గోడగా భావింపుడు. పైతాడునకు బెండ్లు, క్రిందితాడునకు సీసపు గుండ్లు. అది నీటిలో నిలువుగ నిలిచి, ప్రవాహముతోపాటు తేలిపోవుచుండును. చేప వలకంటిలో తల దూర్చి ముందునకు పోలేదు. వెనుకకు పోజూచిన మొప్ప తగులుకొనును. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. కంటికి తగిన చేపయే చిక్కును. పిల్లచేప దూరి అవతలకు పోవును. మిక్కిలి పెద్దదాని తల దూరనే దూరదు. పేదవాని వల తనంతట తానే ఎంచి పట్టును. నెత్తలి ఎదిగినను వ్రేలెడే గనుక దాని వలకన్ను సన్నముగనే యుండవలెను. సన్నకన్ను వలలన్నియు దుష్టములని నే ననను.

మొన్నటి మార్గశిర మాసమున బహుళ చతుర్దశినాటి రాత్రి భీమునిపట్టణ ప్రాంతమున ఒక ముదుసలి జాలరితోను, అతని మనుమనితోను తెప్పపై వెళ్లితిని. తెప్ప యనగా ఇప్పుడు దుంగలు కట్టినది కాదు; ఫైబరుతో చేసి యంత్రము బిగించినది. నేలమీదినుండి కడలివైపునకు చల్లగాలి వీచుచుండెను. నా చేతిలో విద్యుద్దీప మొకటి వెలుగుచుండగా ముదుసలి, “బాబూ, ఆ దీపం ఆర్పీండి. సేప దాని దీపం అదే సూపుతాది” అనెను.

ఆర్పితిని. కొంతసేపటికి కన్ను చీకటి కలవాటుపడెను. నీటిలో చేయి ముంచి కదపగా వ్రేళ్లనుండి నిప్పురవ్వలు రాలినట్లయ్యెను. అలజడి కలిగినప్పుడు మెరయు సూక్ష్మజీవు లవి. చేపలమంద కదలినచోట నీటిలో పాలు కలిపినట్లు తెల్లని మసక వ్యాపించును. మనుమడు తెప్ప ముందు కొననుండి ఆ మసకను వెదకుచుండెను. ముదుసలి దానిని చూచి, చినుకులు పడినట్లు మెరసినది కవళ్లనియు, గీత గీసినట్లు పోయినది పెద్దచేప యనియు చెప్పెను. యంత్ర మాపి, మందకు అడ్డముగ వల వదలిరి. మెరుపు మిక్కుటమైన రాత్రులలో వలయే వెలిగి చేపను బెదరించునట; అందుచేత దానిని లాగక, కదపక, నీటితో పోనిచ్చి, మాటలు తగ్గించి కూర్చుండిరి. చీకటి వారికి పనిముట్టు.

అప్పుడు తూర్పున దిగంతమువద్ద తెల్లని వెలుగు కనబడెను. చంద్రోదయమనుకొంటిని గాని అంత ముందుగా చంద్రుడు రాడు. అవి పెద్దపడవలపై వెలిగించిన ఎల్.ఇ.డి. దీపములు. దీపము క్రింద సూక్ష్మజీవులు, వానికై చిన్నచేపలు, వీనికై పెద్దచేపలు క్రమముగ గుమిగూడును. పిమ్మట చుట్టును వల త్రిప్పి క్రింద మూతి బిగించి ఎత్తుదురు. ఆ వలకు ఎంపిక లేదు. గ్రుడ్డు పెట్టని పిల్లయు, తల్లియు ఒక్క పట్టునే వచ్చును. ఇది గుర్తించియే కేంద్రప్రభుత్వము 2017 నవంబరులో దేశపు ఆర్థిక సముద్రమండలమున ఇట్టి దీపపు వేటను నిషేధించినది. ఒడ్డునుండి 12 నాటికల్ మైళ్లలోపలి వేట రాష్ట్రప్రభుత్వముల పాలనలోనిది. చట్టమున్నది గాని, నడికడలిలో నడిరేయి కావలి కాయుట ఎంత కష్టమో ఊరి చెరువునకు కావలి పెట్టిన మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

అధికారులతోనో, కులపెద్దలతోనో ఏల చెప్పవని ముదుసలి నడిగితిని. అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఆ పడవలో మా అల్లుడున్నాడు బాబూ. ఇంజనుకి అప్పు సేసి తీర్సనేక ఆళ్లకాడ కూలికెల్తన్నాడు. పెద్దలకాడ నేనెవుడిమీద సెప్పను?” అనెను.

వేకువజామున వల లాగిరి. ఒక్కొక్క చేపను మొప్ప చిరుగకుండ విడదీయుట ఓపికగల పని; కవలి పొట్ట పలుచన, ఎండ తగిలిన చెడిపోవును గనుక తొందర పడవలెను. రెండు గంపలు నిండవలసినచోట ఒక గంపకు కొంచెము తక్కువ వచ్చినది. ఒడ్డున అతని కూతురు ఉప్పుసంచితో ఎదురుచూచుచుండెను. గంపలోనికి తొంగిచూచి, తండ్రి నేమియు అడుగక, చేపలను ఇసుకపై పరచిన వలగుడ్డమీద కుమ్మరించి ఏరుటకు కూర్చుండెను. ఆమె భర్త పడవ ఇంకను రాలేదు.