గృహపరీక్షకుని దినచర్య

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజులలో ఇల్లు కట్టించుకొనేవాడు పునాది మొదలు పైకప్పు దాకా ప్రతి పనీ దగ్గర నిలబడి చూచుకొనేవాడు. ఇసుకలో మన్ను కలిసినా, సిమెంటు పాలు తగ్గినా మేస్త్రీని నిలదీసేవాడు. నేడు నగరవాసులలో పెక్కుమంది ఇల్లు కట్టించరు, కట్టిన ఇల్లు కొంటారు. గోడకు రంగు, నేలకు పలకలు పడిన తరువాతనే వారు లోపల అడుగుపెడతారు. ఆ రంగు వెనుక ఏమున్నదో చూచి చెప్పడమే జీవనోపాధిగా చేసుకొన్నవారు ఇటీవల మన నగరాలలో కనిపిస్తున్నారు. హైదరాబాదులో అట్టి ఒక గృహపరీక్షకుని వెంట మేము ఒక దినమంతా తిరిగాము. అతని పని తీరును శ్రోతలకు మనవి చేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఇతడు సివిల్ ఇంజనీరు. నిర్మాణ సంస్థలలో కొన్నేండ్లు పనిచేసి, ఉద్యోగం మాని, స్వతంత్రంగా ఈ వృత్తిలో ప్రవేశించాడు. కచేరీ లేదు, గుమాస్తా లేడు. అప్పిచ్చే బ్యాంకు కూడ ఒక ఇంజనీరును పంపుతుంది గదా, మళ్ళీ ఇతడెందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. బ్యాంకు పంపే ఇంజనీరు ఆ ఆస్తి అప్పుకు తగిన హామీ అవుతుందా అని విలువ కడతాడు. స్నానాల గదిలో నీరు ఎటు పారుతున్నదో చూడడం అతని బాధ్యత కాదు. ఆ ఇంట కాపురముండబోయే వారి పక్షాన చూచేవాడు వేరొకడు కావాలి. అమెరికాలో మన తెలుగువారు అనేకులు స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రంలో ఈ వృత్తికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో దీనికంటూ అట్టి లైసెన్సు లేదు. కనుక ఇతని పరువూ బ్రతుకుతెరువూ కూడ ఇతని మాట మీదనే ఆధారపడి ఉన్నవి.

ఉదయం 8 గంటలకు నల్లగండ్లలో ఒక కొత్త ఫ్లాటుకు వెళ్ళాము. అతని సంచిలో టేపు, రసమట్టం, మూలమట్టం, దారానికి కట్టిన గుండు, టార్చిలైటు, గోడలోని తేమను కొలిచే మీటరు, ప్లగ్గులను పరీక్షించే చిన్న సాధనం, ఒక సన్నని లోహపు కడ్డీ ఉన్నవి. తాళం తీయగానే కొన్నవారు కిటికీ దగ్గరకు పోయి బయటి దృశ్యం చూచారు. ఇతడు వంగి నేలను చూచాడు. కడ్డీతో పలకలను ఒక్కొక్కటిగా తట్టుకొంటూ పోయాడు. అడుగున సిమెంటు నిండుగా అంటిన పలక గట్టిగా పలుకుతుంది, అంటని పలక డొల్లగా మ్రోగుతుంది. డొల్ల పలక మీద బరువైన బీరువా నిలిపితే అది పగిలే ప్రమాదమున్నది.

స్నానాల గదిలో ముందురోజే తూము మూసి, నేల మీద నీరు నిలిపి ఉంచవలసిందని అతడు చెప్పి ఉన్నాడు. 24 గంటలు గడిచిన తరువాత, కింది అంతస్తువారి అనుమతితో వారి ఇంటి కప్పు చూచాడు. తడి లేదు. కాని తూము తెరవగానే కొంత నీరు అటు పోక తలుపు దగ్గర చేరింది. మేస్త్రీల మాటలో చెప్పాలంటే వాటం తప్పింది.

తరువాత కరెంటు. విద్యుత్తు దారి తప్పి భూమిలోకి పోతే తక్షణం సరఫరాను తెంచే బ్రేకరు ఒకటి ఉంటుంది. ప్రాణరక్షణ కోసం ఇండ్లలో అమర్చేది 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే పడిపోవాలి. అది పడింది. వంటింటిలో ఒక ప్లగ్గుకు మాత్రం ఎర్తు తీగె కలపలేదు. పైకి మూడు రంధ్రాలూ సలక్షణంగానే ఉన్నవి! చివరకు గదులు కొలిచి ఒప్పందంలోని కార్పెట్ ఏరియాతో సరిచూచాడు. రెరా అని మనం పిలిచే 2016 నాటి చట్టం ప్రకారం ఈ లెక్కలో లోపలి అడ్డుగోడలు చేరుతాయి. బయటి గోడలు, బాల్కనీ, పైపులు దిగే షాఫ్టులు చేరవు.

మధ్యాహ్నం మల్కాజిగిరిలో ముప్పై ఏండ్ల పాత ఇల్లు. కొనదలచినవారు పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య. వచ్చిన పింఛను సొమ్మంతా ఆ ఇంటి మీద పెట్టబోతున్నారు. గోడలకు కొత్తగా రంగు వేశారు. ఒక గదిలో కప్పు మీద వరుసగా సన్నని గీతలు అతని కంటబడ్డవి. స్లాబులోని ఇనుపకడ్డీకి తేమ తగిలి తుప్పు పట్టినప్పుడు, ఆ తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించి చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టుతుంది. అందువలన కడ్డీ పోయిన దారినే పగులు వస్తుంది. పూతలో వచ్చే వెంట్రుకవాసి పగుళ్ళు వేరు, ఇవి వేరు. రంగు వేసినంత మాత్రాన తుప్పు ఆగదు.

“బాబూ, ఇల్లు పాసయినట్టేనా?” అని అడిగారు ఉపాధ్యాయులు.

“పాసు, ఫెయిలు నేను చెప్పలేనండి, మాస్టారూ. కప్పు బాగుచేయించడానికి ఎంతవుతుందో స్ట్రక్చరల్ ఇంజనీరుచేత లెక్క కట్టించండి. ఆ తరువాతనే బేరం మాట్లాడండి” అన్నాడు.

ఇంతలో ఆ ఇల్లు చూపిన మధ్యవర్తి అతనిని పక్కకు పిలిచాడు. “ఆ కప్పు సంగతి కాస్త తేలికగా వ్రాయండి సార్. నెలకు నాలుగిండ్లు నేనే మీకు చూపిస్తాను.”

“తేలికగా వ్రాసేటట్టయితే, ఆ నాలుగిండ్లకు నేనెందుకండీ?” అని ఇతడు సంచి సర్దుకొన్నాడు.

ఈ సమాధానం అతనికి ఊరకే దొరికింది కాదు. ఆ నెలలో అప్పటికి అతనికి వచ్చినవి ఆరిండ్లే. జీతగాడైతే ఒకటో తారీఖు వస్తుంది. స్వతంత్రవృత్తిలో ఉన్నవానికి ఒకరి నోటిమాట వలననే మరొకరు వస్తారు. ఆ మాట అమ్మేవారి నోటినుండి వచ్చినదైతే, కొనేవారి పక్షాన చూచే కన్ను క్రమంగా మూతపడుతుంది.

రాత్రి ఇంటికి చేరి నివేదికలు వ్రాయడం దినచర్యలో చివరి ఘట్టం. ఏ గదిలో, ఏ మూల, ఏ లోపమున్నదో ఛాయాచిత్రంతో సహా వ్రాస్తాడు. ఏది వెంటనే సరిచేయవలసినదో, ఏది ఆగగలదో విడదీస్తాడు. గోడ పగులగొట్టి చూచే అధికారం అతనికి లేదు, పునాది కంటికి కనబడదు. చూడలేని దానిని చూడలేదనే వ్రాస్తాడు.

ఈ కాగితానికి గల బలాన్ని శ్రోతలు గుర్తించాలి. 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుండి 5 ఏండ్ల లోపల నిర్మాణంలో గాని పనితనంలో గాని లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, అతడు 30 రోజులలో అదనపు ఖర్చు లేకుండా బాగుచేయాలి. చేయకుంటే కొన్నవారికి పరిహారం పొందే హక్కున్నది. తేదీతో, చిత్రంతో వ్రాసిన నివేదిక ఉంటే ఆ హక్కును నిలబెట్టుకోవడం సులభం. ముప్పై ఏండ్ల పాత ఇంటికి ఈ రక్షణ వర్తించదు. అక్కడ కొనేవారి బలమంతా బయానా ఇచ్చేవరకే.

గృహప్రవేశానికి ముహూర్తం దగ్గరపడినదని ఇల్లు చూడకుండానే స్వాధీనపత్రం మీద సంతకం చేసేవారు కలరు. తిథి వార నక్షత్రాలు చూచుకొన్న శ్రద్ధలో కొంత తూముకు, ప్లగ్గుకు, పైకప్పుకు కూడ కేటాయించడం మంచిది. పరీక్షకుని పిలిచేవారు అతనిని ఎవరు పంపారో, అతనికి సొమ్ము ఎవరు ఇస్తున్నారో ముందుగా విచారించాలి. తామే వెదకి, తామే సొమ్మిచ్చి పిలుచుకొన్నవాడైతే, అతడు చెప్పిన చేదుమాటను కూడ సంతకానికి ముందు ఓపికగా వినాలి.