మనవడి సి.ఆర్. ఎవరు రాస్తున్నారు?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు. పిల్లలకు పనికివచ్చేది ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు గనుక మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా రెండో అమ్మాయి కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పద్నాలుగు నెలలు పనిచేశాడు. మానేశాక ఎనిమిది నెలలు ఖాళీ. ఇంటర్వ్యూలకు వెళ్ళడం, ఆ తరువాత ఉలుకూ పలుకూ లేకపోవడం. చివరకు ఒకచోట ఇంటర్వ్యూ చేసినావిడ తన ఫోను చూపించి "ఇది మీరు రాసిందేనా?" అని అడిగిందట. జీతం ఆపేసిన నెలలో, ఒక అర్ధరాత్రి, పాత మేనేజరును పేరు పెట్టి తిడుతూ ఫేస్‌బుక్కులో వీడు రాసిన పది పంక్తులు. రాసిన సంగతి వాడే మరచిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

నాకు 1984 గుర్తుకొచ్చింది. ఒక బిల్లు మీద అభ్యంతరం తెలుపుతూ ఫైలులో నోటు రాసినందుకు మా అధికారి నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో "విధేయత తక్కువ, పనిలో జాప్యం" అని రాశారు. మెమో అందింది, వివరణ పెట్టుకున్నాను. ఆ రెండు ముక్కలు కొట్టివేయించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆలోగా నా జూనియరు పై సీటులో కూర్చున్నాడు. ఆ రోజుల్లో వ్యతిరేకంగా రాస్తేనే మనకు తెలిపేవారు. అంతంతమాత్రంగా రాస్తే రిటైరయ్యేదాకా తెలిసేది కాదు. ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలియజేయవలసిందేనని సుప్రీంకోర్టు దేవదత్ కేసులో చెప్పింది 2008లో. నేను రిటైరయిన సంవత్సరం అదే!

అయినా మన సి.ఆర్.కు ఒక కవరు, ఒక బీరువా, ఒక తాళం ఉండేవి. కొట్టివేయడానికి ఒక పై అధికారి ఉండేవాడు. ఈ పిల్లలు తమ సి.ఆర్. స్వదస్తూరీతో తామే రాసుకుంటున్నారు, బీరువా చూస్తే నడివీధిలో ఉంది. తీసేసినా, అంతకు ముందే ఎవరో ఫోటో తీసి పెట్టుకొని ఉండవచ్చు.

మరునాడు ఆదివారం. తాతా మనవలం ఇద్దరం కూర్చున్నాం. వాడి ఖాతా లేని మా ఆవిడ ఫోనులో వాడి పేరు కొట్టి చూశాం. మొదట వచ్చింది ఏమిటనుకున్నారు? చీటింగు కేసులో పట్టుబడిన ఇంకెవరో మనిషి వార్త! అదే పేరు, అదే ఇనీషియలు. మన తెలుగువాళ్ళ తంటా ఇదే. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇనీషియలు, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఒకచోట ముందు, ఒకచోట వెనక. సర్వీసు రిజిస్టర్లలో పేర్లు సరిదిద్దీ సరిదిద్దీ కళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి కదా, లింక్డిన్‌లోనూ, బయోడేటాలోనూ డిగ్రీ పట్టాలో ఉన్నట్టే, ఇంటిపేరు విడమరచి, ఒకే తీరుగా రాయించాను. పక్కన ఫోటో, కాలేజీ పేరు పెట్టించాను.

ఆ పది పంక్తులూ తీసేశాడు. ఎవరూ అడగకపోతే సరే, అడిగితే మాత్రం నాకు తెలియదనవద్దని చెప్పాను. జీతం ఆపారు, కోపంలో రాశాను, తప్పని తీసేశాను — ఇంతే చెప్పమన్నాను.

లింక్డిన్‌లో తన గురించి "ఉత్సాహవంతుడను, నిరంతర శ్రామికుడను" అన్న ధోరణిలో ఇంగ్లీషులో అరపేజీ రాసుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళు డ్రాఫ్టులు రాసినవాడికి అది చూస్తే ఎర్ర పెన్సిలు తీయాలనిపిస్తుంది. ఏ పని చేశావు, ఎన్నాళ్ళు చేశావు, ఎవరికి ఉపయోగపడింది అని అడిగితే మందుల షాపుల బిల్లింగు సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే పని చేశానన్నాడు. మరి అది రాయవేంరా!

ఇంతలో ఒక కన్సల్టెన్సీవారు డబ్బిస్తే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్సు పెట్టిస్తామన్నారట. వాడు కొంచెం మెత్తబడ్డాడు. నేను వాడి పి.ఎఫ్. ఖాతా తెరిపించాను. 2014 నుండి పి.ఎఫ్. చందాదారులకు పన్నెండు అంకెల యు.ఎ.ఎన్. ఉంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన వదిలాడు అన్నీ అందులో ఉంటాయి. ప్రైవేటువారి సర్వీసు రిజిస్టరు అదే. లేని రెండేళ్ళు అందులో ఎక్కడ చూపిస్తాడు? ప్రభుత్వోద్యోగంలోనూ అంతే. అటెస్టేషను ఫారంలో నిజం దాచితే నియామకం రద్దు చేయవచ్చునని, అయితే దాచినది ఎంతటి విషయమో చూడాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. వాడికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆ ఆర్డరు ఫోటో తీసి మన వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టినవాణ్ణి నేనే. మీరంతా చప్పట్లు కొట్టారు కూడా. అందులో వాడి చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి. ఉద్యోగం పోయాక ఎవడో ఆ వివరాలన్నీ అప్పజెప్పి, పెద్ద కంపెనీలో ఉద్యోగమని, ముందుగా డిపాజిట్టు కట్టమని ఫోను చేశాడు. ఆ కాగితంలోంచే పోయాయో లేదో రుజువు చేయలేను గాని నాకు అనుమానం. మా అమ్మాయి అడ్డుపడబట్టి కట్టలేదు. కట్టినవారెవరైనా ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి, ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

మావాడికి వచ్చే మంగళవారం మరో ఇంటర్వ్యూ ఉంది. ఈరోజు నాతో వచ్చాడు, వెనక వరుసలో నీలం చొక్కా. టీ విరామంలో మీ మనవల పేర్లు వెతికించుకోదలచినవారు వాడి దగ్గరకు వెళ్ళండి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.