రూలును ఆపేదెవరు?

పిలిచి మైకిచ్చారు కాబట్టి ముందు ఒక అపోహ సంగతి తేల్చేస్తాను. ‘వీసా రూలు మారిపోయిందట’ అని మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది చాలాసార్లు రూలు కాదండీ, ప్రతిపాదన. అమెరికా ప్రభుత్వ గెజిట్ ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చేసి మన అభిప్రాయం అడుగుతారు. అసలు రూలు ఆ తర్వాత. ఇంకో అపోహ మరీ మొండిది: కాంగ్రెస్ కమిటీ తలచుకుంటే ఆపేస్తుందట! ఆపలేదు. 1983లో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. మూయించినవాడు మనవాడే. తెలుగువాడు కాదు లెండి.

జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టాడు. బ్రిటిష్ పాస్‌పోర్టుతో ఒహాయోకి చదువుకోవడానికి వచ్చాడు. వీసా గడువు 1972లో తీరింది. 1974లో ఇమిగ్రేషన్ జడ్జి కష్టం విని, ఉండిపొమ్మన్నాడు. కథ అక్కడితో అయిపోవాలి కదా? 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ ఇమిగ్రేషన్ సబ్‌కమిటీ చైర్మన్ జాషువా ఐల్‌బర్గ్ ఇలా అనుమతి పొందిన 340 పేర్లలోంచి ఆరుగురిని ఏరి, వీళ్లు పోవాల్సిందేనని తీర్మానం పెట్టాడు. సభ్యులకు ప్రతులు పంచలేదు. చర్చ లేదు, ఓట్ల లెక్క లేదు. సెనేట్‌ను అడగలేదు, అధ్యక్షుడి సంతకమూ లేదు. ఒక్క సభ ఊఁ అంది, ఈయన బతుకు తలకిందులైంది. చద్దా కోర్టుకెక్కాడు, 7–2తో గెలిచాడు. అది ఒక మనిషి కేసే, నిజమే. కానీ ఆ దెబ్బకు దాదాపు 200 చట్ట నిబంధనల్లోని ఇలా తీర్మానంతోనే ఆపేసే వీటోలన్నీ కూలాయి. రూళ్లమీద వీటోలు కూడా.

ఇప్పుడు కమిటీ అధికారులను పిలిచి నిలదీస్తుంది, నిధుల దగ్గర బిగిస్తుంది. రూలును రద్దు చేయాలంటే మాత్రం 1996 చట్టం ప్రకారం రెండు సభలూ తీర్మానించాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ‘మా ఇండియాలో అన్నీ ముందే చూస్తారండీ’ అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. చూడరు సార్! రూళ్లను పరిశీలించడానికి 1953లో ఏర్పడిన లోక్‌సభ కమిటీలో 15 మంది, మంత్రులకు చోటు లేదు. మామూలుగా రూలు వచ్చాకే చూస్తుంది, సిఫార్సు చేస్తుంది, అంతే.

టైమైందంటున్నారు, త్వరగా చెప్తాను. మన న్యూజెర్సీలో 1982లో రాష్ట్ర సుప్రీంకోర్టు శాసనసభ వీటోను కొట్టేస్తే, 1992లో ఓటర్లే రాష్ట్ర రాజ్యాంగం సవరించి ఆ అధికారం ఇచ్చారు. ఒక రూలు చట్టం ఉద్దేశానికి తగదని రెండు సభలూ తీర్మానిస్తే శాఖకు 30 రోజుల గడువు. వినకపోతే బహిరంగ విచారణ, ఆపై మెజారిటీ ఓటుతో రద్దు. ప్రతిపాదనలో ఉన్నదాన్ని కూడా ఆపొచ్చు. ఇక వీసా రూళ్ల దగ్గర మన చేతిలో ఉన్నది అభిప్రాయం చెప్పడం.

హెచ్‌-4 వీసా మీదున్న కొందరు జీవిత భాగస్వాములకు వర్క్ పర్మిట్ ఇచ్చే ప్రతిపాదనకు 2014లో దాదాపు 13 వేల అభిప్రాయాలు వెళ్లాయి. 2015లో రూలు వచ్చింది. ఈసారి ప్రతిపాదన వస్తే దయచేసి ఫార్వర్డ్ చేసిన ఉత్తరమే అంటించి పంపకండి. మీ ఇంట్లో ఏం మారుతుందో, మీ మాటల్లో, గడువులోగా రాయండి.