బాలానగర్‌లో నేర్చుకున్న పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు అక్కడి కాలేజీలతో ఒప్పందం కుదిర్చి, ఇక్కడి ఐటీఐ పిల్లలకు శిక్షణ ఇప్పిద్దామంటున్నారు. మంచి ఆలోచనే. నన్నూ మాట్లాడమన్నారు కనుక నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను.

బయటి సాయంతో చేతిపని నేర్పడం మన బేగంపేటకు కొత్త కాదు. ఫతేనగర్ వంతెన దాటితే బాలానగర్. అక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, మనం సీఐటీడీ అనేది, 1968లో వచ్చింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం దాన్ని నెలకొల్పింది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల డిప్లొమా ఉంటుంది.

పదిలో నా బెంచీవాడు అందులో చేరాడు. పాపం, ఇంటర్‌కి పోలేదే అనుకున్నాం. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్లో చేరితే టూల్‌రూమ్‌లో వాడే ఎదురయ్యాడు! మిల్లీమీటరు మందం రేకుకు రంధ్రాలు కొట్టే డై గీశాను. పంచ్‌కీ డైకీ ఒకటే కొలత వేశాను. వాడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరేయ్, మధ్యలో సందు ఏదిరా? ఈ రేకుకు ఒక్కో పక్క 0.05 మిల్లీమీటరన్నా వదలాలి. లేకపోతే అంచులు ఎగిరిపోతాయి."

ఆ సంగతి నేను పుస్తకంలో చదివినవాణ్నే. మార్కులు కూడా వచ్చాయి. వాడు ఎవరికీ చెప్పలేదు, నేను సాయంత్రంలోగా దిద్దుకున్నాను.

అందుకే నా మాట: ముందు పిల్లల్ని కాదు, ఐటీఐ మాస్టార్లను పంపండి. బయటి నిపుణులు ఎల్లకాలం ఉండరు. మెషిను ఇస్తే దాని విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయో లేదో చూడండి. జర్మనీలో అప్రెంటిస్ వారంలో ఒకటి రెండు రోజులే బడికి వెళ్తాడు, మిగతా రోజులు కర్మాగారంలోనే. మన ఒప్పందంలో బాలానగర్ యూనిట్లకు చోటు లేకపోతే చివరికి మిగిలేది వీడియో పాఠాలు, ఒక సర్టిఫికెట్టు. దానికి జర్మనీ దాకా ఎందుకు, అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగితే చాలు. (నవ్వులు)

ఇంకొకటి. ఇవాళ్టి సన్మానాల జాబితా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. డాక్టర్లు, ఇంజనీర్లు, అమెరికా వాళ్లు అందరూ గుర్తొచ్చారు. వాడి పేరు నాకు తట్టలేదు. నిన్న రాత్రి ఈ ప్రసంగం రాసుకుంటుంటే తట్టింది. వాడి చేతి కింద పని నేర్చుకున్న కుర్రాళ్లు బాలానగర్, జీడిమెట్లల్లో ఎంతమందో. ఇప్పుడు ఏడో వరుసలో కూర్చుని ఉన్నాడు.

ఒప్పందం కమిటీలో నా బదులు వాడి పేరు రాయమని కార్యదర్శిగారిని అడిగాను. ఆయన సరేనన్నారు. వాడే ఇంకా ఒప్పుకోలేదు.