విరిగిన అడుగు



కూచిపూడి చదువుకుని ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ ముందు నేను బ్యాలే గురించి మాట్లాడబోతున్నాను. మన దగ్గర చాలామందికి బ్యాలే అంటే కసరత్తు. కాలివేళ్ల కొసల మీద నిలబడతారు, గిరగిరా తిరుగుతారు, గాల్లోకి లేస్తారు, మొహంలో మాత్రం ఏ భావమూ ఉండదు అంటారు. కళ్లతో, కనుబొమలతో, హస్తాలతో కథ చెప్పడం నేర్చిన మనకు అలా అనిపించడం సహజమే. కానీ మంచి బ్యాలే చూస్తూ జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. మాట లేదు, పాట లేదు, మనకున్నన్ని హస్తాలూ లేవు. మరి ఆ కన్నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? దీనికి జవాబు మీ వృత్తికి పనికొస్తుందని నా నమ్మకం.

‘జిజెల్’ అనే బ్యాలే సంగతి చూడండి. 1841 జూన్ 28న పారిస్‌లో తొలిసారి ప్రదర్శించారు. సంగీతం అడాల్ఫ్ ఆడమ్‌ది, నృత్యరచన జాన్ కొరాలీ, జూల్ పెరోలది. జిజెల్ పల్లెటూరి పిల్ల. ఆల్బ్రెక్ట్ అనే ప్రభువు పల్లెవాడిలా వేషం మార్చుకొచ్చి ఆమెను వలపిస్తాడు. మొదట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఆమె డైసీ పువ్వు రేకులు ఒక్కొక్కటే తుంచుతూ ‘ప్రేమిస్తున్నాడు, లేదు’ అని లెక్కపెడుతుంది. లెక్క ‘లేదు’ దగ్గర తేలేలా ఉందని దిగులుపడితే, అతను ఒక రేకు పీకేసి ఆమెను నవ్విస్తాడు. తర్వాత చెయ్యీ చెయ్యీ కలిపి చిన్న చిన్న గెంతులతో వేదికంతా తిరుగుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అప్పటికి అంతే.

అతనికి ఇదివరకే మరొకరితో పెళ్లి నిశ్చయమైందని బయటపడగానే జిజెల్‌కు మతి చలిస్తుంది. ముడి ఊడి జుట్టు భుజాల మీద పడుతుంది. ఆ ఘట్టంలో మన గుండె పిండేవి కొత్త అడుగులేమీ కావు. ఆమె లేని పువ్వును పట్టుకుని లేని రేకులు తుంచుతుంది. ఇందాకటి గెంతులే మళ్లీ వేస్తుంది, పక్కన మాత్రం ఎవరూ ఉండరు. చాచిన చేతికి ఏమీ అందదు. అడుగు సగంలో ఆగిపోతుంది. ఆడమ్ కూడా ఇందాకటి బాణీలనే ముక్కలు ముక్కలుగా వినిపిస్తాడు. పై గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నవాడికి ఆమె కళ్లు కనిపించవు. విరిగిన అడుగు కనిపిస్తుంది. అది విరగక ముందు ఎలా ఉండేదో అతనికి గుర్తుంది.

అందుకని, మొదట ఆ గెంతులు నిండుగా, సంతోషంగా వెయ్యని నర్తకి తర్వాత ఎంత విలపించినా లాభం లేదు. మతిపోయిన ఘట్టాన్ని మాత్రమే కత్తిరించి చూపించే వీడియోలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

భామాకలాపం నేర్చిన మీకు ఇది కొత్తేమీ కాదు. తెర మీదుగా జడ వేసినప్పుడు సత్యభామ మొహం ఎవరికీ కనబడదు, అయినా ఆమె అతిశయం సభకంతటికీ అందుతుంది. అక్కడ వేసిన జడ ఒక మనిషిని నిలబెడుతుంది, ఇక్కడ ఊడిన జుట్టు ఒక మనిషిని కూలదోస్తుంది.

బ్యాలేలోనూ సంకేతాలున్నాయి. తల మీద చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నృత్యం, ఉంగరపు వేలు చూపిస్తే పెళ్లి, పిడికిళ్లు ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే మరణం. కథ సంకేతాల్లో, నాట్యం వేరేగా సాగడం అలవాటైపోయిన రోజుల్లో నృత్యరచయిత మిఖాయిల్ ఫోకిన్ అడ్డం తిరిగాడు. 1914లో లండన్ ‘టైమ్స్’ పత్రికకు లేఖ రాసి, తల నుంచి పాదం దాకా ఒళ్లంతా భావం పలకాలని వాదించాడు. నర్తకి ఆన్నా పావ్లోవా కోసం ఆయన కూర్చిన ‘మరణించే హంస’లో గొప్ప గెంతు ఒక్కటీ లేదు. వేళ్ల కొసల మీద సన్నని పరుగు, చేతులు, వెన్ను, అంతే. ఈ పావ్లోవాకూ మనకూ కాస్త చుట్టరికం ఉంది. 1923లో ఆమె పక్కన కృష్ణుడిగా ఆడింది మన ఉదయ్ శంకర్. తర్వాతి కాలంలో కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవిని నాట్యం వైపు నడిపించిందీ ఆమే.

ఇక జూలియెట్. 1965 ఫిబ్రవరి 9న లండన్ కోవెంట్ గార్డెన్‌లో కెనెత్ మెక్‌మిలన్ ‘రోమియో అండ్ జూలియెట్’ తొలి ప్రదర్శన జరిగింది. ఆ రాత్రి ఆడింది మార్గో ఫాంటేన్, రుడాల్ఫ్ నురెయెవ్. మెక్‌మిలన్ ఆ పాత్రలను మలచింది మాత్రం లిన్ సీమోర్, క్రిస్టఫర్ గేబుల్‌ల మీద. మూడో అంకంలో రోమియో వెళ్లిపోయాడు, పారిస్ అనే ప్రభువును పెళ్లాడమని తల్లిదండ్రులు పట్టుబట్టారు. జూలియెట్ మంచం అంచున కూర్చుంటుంది. ప్రొకోఫియెవ్ సంగీతం అంతకంతకూ పెరిగి హాలంతా నిండిపోతుంది. ఆమె కదలదు. చెయ్యి ఎత్తదు, తల వంచదు, సూటిగా మన వైపు చూస్తూ ఉంటుంది. ఏం చెయ్యాలో ఆ కాసేపట్లో తేల్చుకుని లేచి మతగురువైన ఫ్రయర్ దగ్గరకు పరుగెత్తుతుంది. మరో నృత్యరచయిత అయితే అంత సంగీతం దొరికినందుకు అడుగులు గుప్పించేవాడు. మెక్‌మిలన్ ఆమెను కూర్చోబెట్టాడు. నృత్యరచనలో ఇంతకంటే ధైర్యమైన నిర్ణయం నేను చూడలేదు.

అదే పరుగును అంతకుముందే లియొనీద్ లావ్రోవ్‌స్కీ కూర్పులో గలీనా ఉలానోవా చిరస్మరణీయం చేసింది. 1956లో బొల్షోయ్ బృందం లండన్ వచ్చినప్పుడు ఆమెకు 46 ఏళ్లు. పైవస్త్రం వెనక్కి ఎగురుతుండగా వేదికకు అడ్డంగా పరుగు తీస్తే చూసినవాళ్లకు పధ్నాలుగేళ్లయినా నిండని పిల్ల కనిపించింది. పరుగు బ్యాలే పాఠాల్లో ఉండే అడుగు కాదు. కానీ ఎవరు పరుగెత్తుతున్నారో, ఎవరి దగ్గరికో, ఎందుకో ఆమె ఒంటికి తెలుసు. వేదిక నుంచి తప్పుకున్నాక ఆమె బొల్షోయ్‌లోనే ఉండి యెకతెరీనా మాక్సిమోవా వంటి చిన్నవాళ్లకు జిజెల్ పాత్రను దగ్గరుండి నేర్పింది.

మీలో చాలామంది రేపు గురువులవుతారు. జతి నేర్పేటప్పుడు ఎదురుగా ఉన్న పిల్లకు, ఇది ఎవరు వేస్తున్నారో, ఎవరిని చూసి వేస్తున్నారో కూడా చెప్పండి. మండిలో మోకాలు సరిచేసిన ఓపికతోనే అదీ చెప్పండి. మీలో నృత్యరచన చేసేవాళ్లు ఒక చరణమంతా పాత్రను కదలకుండా నిలబెట్టి చూడండి, నట్టువాంగం ఆగనక్కర్లేదు.